కర్నూలులో ‘మాన్‌స్టర్ కాంబో’ చేపలు కొనేముందు ఒక్క నిమిషం ఆగండి

పెద్ద చేపల ట్యాంక్ పెట్టాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. షాపు పేరు చెప్పడం లేదు, ఇదే మాటతో అమ్మేవాళ్లు ఊళ్లో ఒక్కరే కాదు.

మా ఇంట్లో నాలుగడుగుల ట్యాంక్ ఉంది, సుమారు 250 లీటర్లు పడుతుంది. రెండు ఆస్కార్లు (ట్యాంకుల్లో పెంచే ఒక పెద్ద చేప) చాలని వెళ్తే షాపతను ఒక ‘మాన్‌స్టర్ కాంబో’ అంటగట్టాడు. రెండు ఆస్కార్లు, ఒక రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ పిల్ల, రెండు ‘షార్కులు’, ఒక ‘పిరానా’, పాచి తినడానికి ఒక సక్కర్. ఇన్ని ఎట్లా పడతాయని అడిగితే, "ఏం గాదన్నా, చిన్నప్పట్నుంచి కలిసి పెరిగితే ఒకదాన్నొకటి ఏమీ చేసుకోవు" అన్నాడు. పైగా ట్యాంక్ ఎంతుంటే చేప అంతే పెరుగుతుందట. రెండూ పచ్చి అబద్ధాలు.

రెడ్‌టెయిల్ పిల్లగా ఉన్నప్పుడు మీసాలు, తెల్లచార, ఎర్రతోకతో భలే ముద్దొస్తుంది. అమెజాన్ నదుల చేప అది, మీటరు దాటి పెరుగుతుంది. నోట్లో పట్టిందల్లా మింగుతుంది, పట్టదనుకున్నదాన్నీ వదలదు. ఒకరోజు పొద్దున్నే చూస్తే చిన్న ఆస్కార్ లేదు. మూత వేసే ఉంది, నేల మీద ఎక్కడా పడలేదు. రెడ్‌టెయిల్ మాత్రం ఫిల్టర్ పైపు పక్కన కదలకుండా పడుకుంది. పొట్ట ఒక పక్కకు ఉబ్బి, చర్మం సాగి, లోపలున్న చేప ఆకారం బయటికే తెలుస్తోంది.

ఇక షార్కు. అది షార్కూ కాదు, పాడూ కాదు. మన చెరువుల్లో పెంచే పంగాసియస్, హోటళ్లలో బాసా పేరుతో వచ్చేది ఎక్కువగా ఇదే. ఇదీ మీటరు చేపే, గుంపులో తిరగాల్సింది. లైటు వేస్తే చాలు బెదిరి అద్దానికి గుద్దుకుంటుంది. మా వాటి మూతులు రెండూ చీరుకుపోయాయి. పిరానా అన్నది పాకూ, అంటే చేపల మార్కెట్లో కిలోల లెక్కన దొరికే రూప్‌చంద్! పిల్లప్పుడు పొట్ట ఎర్రగా ఉంటుంది కాబట్టి ఈ బేరం నడుస్తోంది. నోరు చూస్తే దొరికిపోతుంది: పిరానా పళ్లు మొనదేలిన త్రికోణాలు, దీనివి మనిషి పళ్లలా చదునుగా ఉంటాయి.

సక్కర్‌ని మాత్రం అమాయకమనుకోకండి. పెద్దయ్యాక కొన్ని రాత్రిపూట ఆస్కార్ల ఒంటి మీది జిగురు గీకి తింటాయి, అక్కడ పుండు పడుతుంది.

ఆస్కారే అడుగు దాకా పెరిగే చేప. దానికి తోడు కావాలంటే నోట్లో పట్టనంత ఎత్తైన ఒళ్లుండి, పోట్లాటకు దిగనిది చూడాలి. సిల్వర్ డాలర్లనే వెడల్పాటి వెండిరంగు చేపలు ఐదారు కలిపి వేస్తే బాగా సరిపోతాయి, కానీ మా ట్యాంక్ చాలదు, అంతకన్నా పెద్దది కావాలి. నియాన్ టెట్రాల్లాంటి చిట్టి చేపలు వేస్తే అవి తోడు కాదు, టిఫిను. చిన్న క్యాట్‌ఫిష్‌లు ఇంకా ప్రమాదం, వాటి ముల్లు గొంతులో ఇరుక్కుంటే మింగినదీ చస్తుంది. తల మీద బొడిపె ఉండే ఫ్లవర్‌హార్న్ చేపనైతే ఒంటరిగానే ఉంచాలి, ఎవరేం చెప్పినా సరే. షాపులో ఈరోజు సైజు కాదు, పెద్దయ్యాక ఎంతవుతుందో అడగండి. చెప్పలేకపోతే కొనొద్దు. అసలే మన ఎండలకు నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, కిక్కిరిసిన ట్యాంకులో కరెంటు పోయి మోటరు ఆగితే ఆ టెన్షన్ వేరే చెప్పాలా!

వెనక్కి తీసుకోమంటే "చేపలకి గ్యారంటీ ఏందన్నా, కేసీ కాలవలో ఇడిచిపెట్టు" అన్నాడు. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి, బయటి చేపలు మన నీళ్లలో స్థిరపడితే ఇక్కడి చేపలకు తిండీ చోటూ పోతాయి. షార్కుల్ని, రూప్‌చంద్‌ని తెలిసినవాళ్ల చేపల చెరువుకి ఇచ్చేశాం. రెడ్‌టెయిల్ ఇంకా మా దగ్గరే ఉంది. దానికి చెరువు వద్దు, పెద్ద సిమెంటు తొట్టి, మంచి ఫిల్టరు ఉన్నవాళ్లు అడగండి, డబ్బేమీ తీసుకోను.