స్వదేశీ అంతస్తులో చొక్కాలు బాగున్నాయి, బోర్డు బాగాలేదు

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో మూడంతస్తుల రెడీమేడ్ దుకాణం ఒకటి ఇటీవల తన రెండో అంతస్తును పూర్తిగా మన దేశంలో కుట్టిన దుస్తులకే కేటాయించి, దానికి 'స్వదేశీ' అని పేరు పెట్టింది. దేశీయ దుస్తుల పరిశ్రమ నిలబడాలంటే ముందు దాని సరుకు కొనేవారి కంట పడాలి కాబట్టి ఈ ఏర్పాటు మెచ్చదగినది. దిగుమతి సరుకును కింది అంతస్తులో విడిగా, తయారైన దేశం పేరు స్పష్టంగా కనిపించేలా అమర్చడం అంతకన్నా మెచ్చదగినది.

పురుషుల నూలు చొక్కాల్లో కుట్టు దగ్గరగా, వరుస తప్పకుండా ఉంది. కాజాల అంచుల్లో దారాలు లేవలేదు, ఉతికిన తరువాత కాలరు లోపలి గట్టి గుడ్డ (బక్రం) ఉబ్బలేదు, ఈ ఊరి ఉక్కపోతకు గుడ్డ ఒంటికి అతుక్కోకుండా నిలిచింది. తిరుపూరు టీషర్టులు మెత్తగానే ఉన్నాయి గానీ ముదురు రంగులవి మొదటి ఉతుకులో కొంత రంగు వదిలాయి. పిల్లల విభాగం నిరాశపరిచింది. ఒక కంపెనీ ఎనిమిదేళ్ల సైజు మరో కంపెనీ ఆరేళ్ల సైజుకు సమానంగా ఉంది. ధర విషయానికొస్తే, కింది అంతస్తులోని బంగ్లాదేశ్ టీషర్టు కన్నా ఇక్కడిది కొంచెం ఎక్కువ, చొక్కాల్లో తేడా దాదాపు లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి రూ.2,500 వరకు ధర ఉన్న దుస్తులపై జీఎస్టీ 5 శాతమే అయింది. అంతకుముందు వెయ్యి రూపాయలు దాటితే 12 శాతం ఉండేది. ఆ తగ్గింపును బిల్లులో నిజాయితీగానే చూపారు.

నా అభ్యంతరమంతా మెట్ల దగ్గర వేలాడదీసిన బోర్డు మీద. అతి తక్కువ కూలికి పనిచేసే బంగ్లాదేశ్ కార్మికులు మనవాళ్ల నోటి దగ్గరి కూడు లాక్కుంటున్నారన్నది దాని సారాంశం. పైన చొక్కాలు చూపించే కుర్రవాడు కూడా అదే పాఠం అప్పజెప్పాడు.

బంగ్లాదేశ్ దుస్తులపై సుంకాన్ని 2011లో దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం (సాఫ్టా) కింద ఎత్తివేసింది మన ప్రభుత్వమే తప్ప ఢాకాలో మిషను ముందు కూర్చున్న అమ్మాయి కాదు. ఆమెకు అక్కడి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం 2023 డిసెంబరు నుంచి నెలకు 12,500 టాకాలు. అంతకన్నా ఎక్కువ కావాలని వీధిలోకి వచ్చి, పోలీసు దెబ్బలు తిన్నదీ ఆమె తోటివారే. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గరి సావర్‌లో దుస్తుల కర్మాగారాలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయినప్పుడు ఆ చౌక ధర ఎవరి ప్రాణాల మీద నిలిచిందో లోకమంతా చూసింది. పైగా ఆమె దేశం దిగుమతి చేసుకునే నూలులో చాలా భాగం మన మిల్లులదే, మన నూలుకు పెద్ద కొనుగోలుదారు ఆ దేశమే.

మన పరిశ్రమకు రక్షణ వద్దని నేను అనడం లేదు. 2025 మే నెలలో కేంద్రం బంగ్లాదేశ్ రెడీమేడ్ దుస్తులను భూమార్గాన రానివ్వకుండా ముంబయి దగ్గరి నవాషేవా, కోల్‌కతా ఓడరేవులకే పరిమితం చేసింది. దాని మంచిచెడ్డలు చర్చించదగినవే. 2021 బడ్జెట్టులో దిగుమతి పత్తిపై వేసిన సుంకం అన్నీ కలిపి 11 శాతానికి చేరింది, దాన్ని కొన్నాళ్లు ఎత్తివేయడం, మళ్లీ వేయడం వల్ల దుస్తులు కుట్టే కంపెనీలు ముందుగా ధర కట్టుకోలేని పరిస్థితి ఏర్పడింది. (పత్తి రైతు వైపు నుంచి చూస్తే ఆ సుంకానికి వేరే న్యాయం ఉంది.) బోర్డు మీద రాయవలసిన విషయాలు ఇవి.

అసలు ఈ బోర్డు విశాఖలో కనబడటమే విచిత్రం. మన పక్కనే అచ్యుతాపురంలో బ్రాండిక్స్ అనే శ్రీలంక సంస్థ దుస్తుల పార్కును నడుపుతోంది. చుట్టుపక్కల గ్రామాల నుంచి వేలమంది మహిళలు బస్సుల్లో వచ్చి అక్కడ కుట్టేది ఎక్కువగా విదేశీ బ్రాండ్ల కోసమే. బోర్డు తర్కం ప్రకారం అమెరికాలో మూతపడిన కుట్టు కర్మాగారాలకు మన అనకాపల్లి ఆడపడుచులు జవాబు చెప్పాలా? 2022లో ఆ పార్కులో విషవాయువు పీల్చి రెండుసార్లు మహిళా కార్మికులు ఆసుపత్రుల పాలయ్యారు. సావర్‌లోనైనా అచ్యుతాపురంలోనైనా మిషను ముందు కూర్చున్నవారికి కావలసినవి గాలి, వెలుతురు, బతకడానికి సరిపడే జీతం. ఇక్కడ వాటిని గట్టిగా అమలు చేసి, అక్కడి నుంచి వచ్చే సరుకుకు కూడా అదే షరతు పెడితే ఎవరి కడుపూ కొట్టకుండా మన పరిశ్రమను కాపాడుకోవచ్చు.

బిల్లు కౌంటరు దగ్గర మేనేజరుగారికి ఈ మాటే చెప్పి, ఆ బోర్డు తీసేసి ప్రతి చొక్కాకు నూలు ఎక్కడిదో, ఏ ఊళ్లో కుట్టారో తెలిపే చీటీ కట్టమని అడిగాను. ఆయన శ్రద్ధగా విన్నారు. బోర్డు యజమాని ఇష్టమని, చీటీల వివరాలు మాత్రం తానే కంపెనీలను అడిగి తెప్పిస్తానని అన్నారు.