జివెర్నీలో 45 నిమిషాలు

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. పారిస్ నుంచి జివెర్నీకి బస్సు టూరు, మనిషికి 89 యూరోలు. నేను, మా ఆవిడ, అత్తయ్య కలిపి 267. చిత్రకారుడు మోనే ఇల్లు, తోట, కలువల కొలను చూపిస్తామన్నారు. చూపించారు, మిట్టమధ్యాహ్నం, 45 నిమిషాలు! జపనీస్ వంతెన మీద సెల్ఫీల తోపులాట. కొలను తగరపు రేకులా మెరిసిపోతోంది, నీళ్ళలో రంగన్నదే లేదు. ఎండ మారినప్పుడల్లా కాన్వాసు మారుస్తూ గడ్డివాములనే పాతిక సార్లు వేసిన మనిషి ఇంటికి ఏ వేళకి తీసుకెళ్ళాలో ఆ గైడుకి పట్టలేదు. ఇంకో పది నిమిషాలు అడిగితే చేతి గడియారం చూపించాడు. టూరు బుక్ చేసింది నేనే కాబట్టి మా ఆవిడ దారి పొడవునా నాతో మాట్లాడలేదు.

మీరు మాత్రం పొద్దున్నే సాంలజార్ స్టేషన్లో రైలెక్కి వెర్నోన్‌లో దిగండి, అక్కడ షటిల్ బస్సు ఉంటుంది. చలికాలం వెళ్ళకండి, ఏప్రిల్ దాకా తోట మూసే ఉంటుంది.

లూవ్ర్, ఐఫిల్ టవర్ బాగానే గడిచాయి.

డబ్బుకి తగ్గ చోటంటే పారిస్‌లోనే ఉన్న మార్మొటాన్ మ్యూజియం. మాకు టికెట్ 14 యూరోలు పడింది, సోమవారం సెలవు. 1872 నాటి మోనే బొమ్మ ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ అక్కడే ఉంది. ఫోన్లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూశాను, సూర్యుడు దాదాపు మాయం! చుట్టూ ఉన్న మబ్బుకీ సూర్యుడికీ వెలుగు ఒకటే, తేడా అంతా రంగులోనే. ఆ నారింజ చుక్క కంటికి అలా అదిరినట్టు కనిపించేది అందుకేనట.

కింది అంతస్తులో ముసలితనంలో వేసిన జపనీస్ వంతెనలున్నాయి. ఎరుపు, గోధుమ రంగుల చిక్కుముడి, వంతెన ఎక్కడో వెతుక్కోవాలి. పొద్దుట్నుంచి చల్లటి శాండ్‌విచ్ మీద విసుక్కుంటున్న అత్తయ్య అక్కడ ఆగిపోయింది.

“బాబూ, ఈయనకి శుక్లాలా?”

నిజమే. 1912లోనే డాక్టర్లు చెప్పారు, ఆయన భయపడి 1923 దాకా ఆపరేషన్ వాయిదా వేశాడు.

“నాకూ మన పెరడు ఇట్లాగే కనపడేది, టీ డికాక్షన్‌లోంచి చూసినట్టు. కట్టు విప్పిన రోజు మీ మామయ్య పంచె చూసి నీలిమందు ఎక్కువేశావని పనమ్మాయిని తిట్టాను కూడా.”

ఆపరేషన్ తర్వాత అంతా నీలంగా కనిపిస్తోందని మోనే కూడా గొడవ పెట్టాడని చెప్పాను. “పెట్టడా మరి!” అని అక్కడే బెంచీ మీద కూర్చుంది. రెండు గంటలు లేవలేదు.

రాత్రి మా ఆవిడ మౌనం వీడింది. “వచ్చేసారి టూరు అమ్మ బుక్ చేస్తుంది” అంది.