లాకులు లెక్కపెట్టి దారి ఎంచుకోండి: ఇంగ్లండ్ కాలువల్లో నారోబోట్ ప్రయాణం

ఇంగ్లండ్ కాలువల మీద పడవ అద్దెకు తీసుకునేవాళ్ళు మ్యాపు ముందేసుకుని మైళ్ళు కూడతారు. ముందు లెక్కపెట్టాల్సింది లాకులను, అంటే పడవను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎత్తే, దించే తలుపుల గదులను. ఇరుకు లాకుల్లో పట్టేలా సన్నగా, పొడవుగా కట్టిన పడవ నారోబోట్. అది గంటకు 3 మైళ్ళు నడుస్తుంది, 4 దాటకూడదని నిబంధన. ఒక్కో లాకుకు పావుగంట వేసుకోండి. ఈ లెక్కన ఫోర్ కౌంటీస్ రింగ్ అనే చుట్టుదారి 110 మైళ్ళు, 94 లాకులు. దగ్గర దగ్గర 60 గంటలు. వారం అద్దె అంటే మామూలుగా శనివారం మధ్యాహ్నం పడవ చేతికొస్తుంది, మళ్ళీ శనివారం పొద్దున్న 9 గంటల ప్రాంతంలో అప్పగించాలి. మిగిలేవి 6 పూర్తి రోజులే. రోజుకు 10 గంటల చొప్పున ఇద్దరే చేయడం ఒంటికి మించిన పని. నలుగురైనా ఉండాలి, లేదా 10 నుంచి 14 రోజులు పెట్టుకోవాలి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు మా సిఫారసు లెస్టర్‌షైర్‌లోని ఫాక్స్‌టన్ నుంచి బ్రాన్‌స్టన్ వరకు వెళ్ళి రావడం. ఒకవైపు సుమారు 27 మైళ్ళు, 23 లాకులు. ఫాక్స్‌టన్‌లో 5 లాకుల మెట్లవరసలు రెండు ఉన్నాయి. 1814 నుంచి వాడుకలో ఉన్న ఈ 10 లాకులు పడవను 75 అడుగులు పైకెత్తుతాయి. లాకు సిబ్బంది, వాలంటీర్లు పక్కనే ఉండి నేర్పుతారు కాబట్టి కొత్తవాళ్ళకు ఇంతకంటే మంచి బడి లేదు. ఇక్కడ నీరు పక్కనున్న చెరువుల్లోకి, వాటిలోంచి లాకుల్లోకి మారుతూ ఉంటుంది. తూముల గేర్లకు ఎరుపు, తెలుపు రంగులు వేశారు. ముందు ఎరుపు, తర్వాతే తెలుపు. తిరగేస్తే నీరు అదుపు తప్పుతుంది. పైకి ఎక్కాక దాదాపు 20 మైళ్ళు ఒక్క లాకూ లేదు. పొలాలు, గొర్రెల మందలు, ఇటుక వంతెనలు, మధ్యలో రెండు సొరంగాలు. చుక్కాని చేతికి అలవాటు కావడానికి ఆ 20 మైళ్ళు చాలు. తర్వాత వాట్‌ఫర్డ్‌లో 7 లాకులు. ఫాక్స్‌టన్, వాట్‌ఫర్డ్ రెండూ సాయంత్రం తాళాలు పడతాయి, అందుకే మధ్యాహ్నానికే చేరేలా చూసుకోండి.

గోదావరి జిల్లాల వాళ్ళకు లాకు కొత్తది కాదు. ధవళేశ్వరం లాకుల సూత్రమే ఇక్కడిదీ. కాకపోతే ఇక్కడ చాలాచోట్ల సిబ్బంది ఉండరు, తలుపులూ తూములూ పడవవాళ్ళే తిప్పుకోవాలి. ఇరుకు లాకు వెడల్పు 7 అడుగులు, పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. అంటే రెండు పక్కలా కలిపి 2 అంగుళాల సందు.

పైకి వెళ్ళేటప్పుడు ఒకరు విండ్‌లాస్ పట్టుకుని ముందు నడవాలి. తూముల గేరు తిప్పే ఎల్ ఆకారపు పిడి అది. లాకు నిండి ఉండి, ఎదురుగా పడవ వస్తుంటే వంతు వాళ్ళది. ఎవరూ లేకపోతే ఎగువ తూములు మూసి ఉన్నాయని చూసుకుని దిగువ తూములు తెరవాలి. లోపలా బయటా నీరు ఒకే మట్టానికి వచ్చాక, తలుపుకున్న పొడవాటి దూలానికి వీపు ఆనించి నెడితే తలుపు కదులుతుంది. కదలకపోతే మట్టం ఇంకా సమానం కాలేదని అర్థం, బలం వాడొద్దు. పడవ లోపలికి వచ్చాక దిగువ తలుపులు, తూములు మూసి, ఎగువన నేల తూములను సగమే ఎత్తండి. పడవ నిలకడగా ఉంటే పూర్తిగా ఎత్తండి. తలుపుకే అమర్చిన తూములుంటే, వాటి నోళ్ళు నీటిలో మునిగేదాకా ముట్టుకోకూడదు. తొందరపడితే ఆ ధార నేరుగా పడవ ముందుభాగంలోకి దూకుతుంది. ప్రతిసారీ గేరు వెనక్కి తిరగకుండా ఆపే పన్ను పడిందా చూసుకునే పిడి తీయాలి. పన్ను జారితే విండ్‌లాస్ గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది.

దిగేటప్పుడు ప్రమాదం వేరు, అంతకంటే పెద్దది. ఎగువ తలుపుల కింద రాతి గడప ఉంటుంది. లాకు నిండుగా ఉన్నప్పుడు కనబడదు, నీరు తగ్గేకొద్దీ బయటపడుతుంది. పడవ వెనుకభాగం దాని మీద కూర్చుంటే ముందుభాగం నీటితో పాటు దిగిపోతుంది, నిమిషాల్లో పడవ మునుగుతుంది. లాకు గోడ మీద తెల్లగీత ఆ గడప హద్దు. చుక్కాని దగ్గరున్నవాళ్ళు పడవ వెనుకభాగాన్ని ఆ గీత దాటించి దిగువ తలుపుల వైపే ఉంచాలి, తూముల దగ్గరున్నవాళ్ళు కళ్ళు వాళ్ళ మీదే పెట్టాలి. తాడును ముడి వేయకూడదు. గుంజకు ఒక చుట్టు తిప్పి చేత్తో వదులుతూ ఉండాలి. ఏమాత్రం తేడా కనిపించినా దిగువ తూములు వెంటనే దించేయండి. పడవ ఇంకా వేలాడుతుంటే ఎగువ తూము కొద్దిగా ఎత్తి నీరు నింపాలి. బయటికి వెళ్ళేటప్పుడు తూము తెరిచి వదిలేసి పోతే, రాత్రికి రాత్రి పై కాలువ ఎండి అక్కడ కట్టిన పడవలన్నీ బురదలో కూర్చుంటాయి. ఒక్క లాకు నింపడానికే సుమారు లక్ష లీటర్లు పడుతుంది.

ఇక ఫోర్ కౌంటీస్. రెండో ప్రయాణానికి దీనికి సాటి లేదు. ఆడ్లెమ్‌లో 15 లాకులు ఊరి అంచునే దిగుతాయి, లాకు పక్కనే పబ్, అంగళ్ళు దగ్గరే. మార్కెట్ డ్రేటన్‌లో బుధవారం సంత. ఆ ఊరికి పక్కనే టర్లీ లాకుల కింద మిగులు నీరు పక్క నుంచి జోరుగా వచ్చి పడవను గట్టు మీదికి తోస్తుంది, అక్కడ వేగం తగ్గించకుండా తిన్నగా దూరాలి. ఈ చుట్టుదారిలోని ష్రాప్‌షైర్ యూనియన్ కాలువలో ఇంకో చిక్కు: గట్టు వెంబడి నీటి అడుగున రాతి మెట్టు ఉంటుంది. గుర్తుపెట్టిన రేవుల్లో కాకుండా మరోచోట కట్టేస్తే రాత్రంతా పడవ దానికి కొట్టుకుంటుంది, నిద్ర ఉండదు. రాత్రికి అన్నిటికంటే మంచి చోటు గ్రేట్ హేవుడ్ దగ్గరి టిక్సల్ వైడ్. కాలువ అక్కడ చెరువంత వెడల్పవుతుంది. హేర్‌కాజిల్ సొరంగం 2,926 గజాలు, 40 నిమిషాలు పడుతుంది. ఒకవైపు పడవలు దాటాకే రెండోవైపు వాటిని వదులుతారు. సిబ్బంది మీ హారన్, హెడ్‌లైటు పరీక్షిస్తారు. నీరు నారింజ రంగులో ఉంటుంది, ఇనుప ఖనిజం వల్ల. ఆ తర్వాత వీలాక్ దాకా 7 మైళ్ళలో 26 లాకులు. ఆ రోజుకు వేరే పని పెట్టుకోవద్దు.

ఈ దారులకు దూరంగా, విల్ట్‌షైర్‌లోని కేన్ హిల్ దగ్గర 29 లాకులున్నాయి. 2 మైళ్ళలో 237 అడుగుల ఎత్తు, మధ్యలో 16 ఒకే వరసలో. చూడ్డానికి అద్భుతం, కానీ వెడల్పు లాకులు, బరువు తలుపులు, 5 నుంచి 6 గంటలు. పక్కన ఇంకో పడవను జతచేసుకుని వెళ్తే శ్రమ సగమవుతుంది, నీరూ ఆదా అవుతుంది.

పడవ ఎంపికలో జాగ్రత్త. 6 పడకలని రాసిన చోట రెండు, భోజనం బల్లను రోజూ విప్పి పరిచేవే అయి ఉంటాయి. నలుగురు పెద్దలకు 6 పడకల పడవ తీసుకోండి. పిల్లలుంటే వెనుక భాగం చుట్టూ గోడలున్న సెమీ ట్రాడ్ రకం మేలు. లైఫ్ జాకెట్లు ముందే అడిగి ఉంచండి. ట్యాంకు టాయిలెట్ వారం నడుస్తుంది. క్యాసెట్ రకమైతే రెండు రోజులకోసారి మోసుకెళ్ళి ఖాళీ చేయాలి. నీళ్ళు రోజు విడిచి రోజు పట్టాలి. నీటి కుళాయిలకు, టాయిలెట్ గదులకు వాటర్‌మేట్ తాళంచెవి పడవతోనే ఇవ్వాలి, బయల్దేరే ముందే చూసుకోండి.

అన్నానికి ఎలక్ట్రిక్ కుక్కర్ తీసుకెళ్ళొద్దు. పడవ బ్యాటరీలు 12 వోల్టులవి, ఇన్వర్టర్ ఉన్నా త్వరగా నీరసిస్తాయి. గ్యాస్ పొయ్యి మీద చిన్న ప్రెషర్ కుక్కర్ హాయిగా నడుస్తుంది. బ్యాటరీలు నిండాలంటే రోజూ మూడు నాలుగు గంటలైనా ఇంజన్ నడవాలి, రాత్రి 8 తర్వాత నడపకూడదు. ఇంజన్ నడుస్తున్నా పడవ ముందుకు కదలకపోతే ప్రొపెల్లర్‌కు ప్లాస్టిక్ సంచో తాడో చుట్టుకుని ఉంటుంది. ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, వెనుకనున్న వీడ్ హ్యాచ్ మూత తీసి కోసేయాలి. మూత గట్టిగా బిగించకుండా ఇంజన్ స్టార్ట్ చేస్తే నీరు లోపలికి చిమ్ముతుంది.

దారి వెంట పడవ కట్టడానికి చాలాచోట్ల డబ్బు కట్టక్కర్లేదు, గడువు 48 గంటల నుంచి 14 రోజుల వరకు బోర్డు మీద ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో ఫాక్స్‌టన్, బ్రాన్‌స్టన్ లాంటి చోట్ల సాయంత్రం 4 దాటితే చోటు దొరకడం కష్టం. మే, జూన్, సెప్టెంబర్ నెలలు మేలు. నవంబర్ నుంచి మార్చి వరకు లాకుల మరమ్మతుల కోసం దారులు మూస్తారు, వానలు తగ్గిన ఎండాకాలంలో నీటి కొరత వల్ల కూడా మూస్తారు. 2012 నుంచి ఈ కాలువలు చూస్తున్న కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ ఈ మూసివేతలు ప్రకటిస్తుంది. అడ్వాన్సు కట్టే ముందొకసారి, బయల్దేరే ముందురోజు మరోసారి ఆ జాబితాలో మీ దారి పేరు వెతకండి.