ఇంజను అరుగుదలకు ఏది మేలు: మాన్యువలా, ఆటోమేటిక్కా?

కడప నుంచి రాయచోటికి వెళ్తూ గువ్వలచెరువు ఘాటులో లోడు లారీ వెనుక చిక్కుకుంటే కారు వేగం 30 కిలోమీటర్లకు పడిపోతుంది. అప్పుడు కూడా మాన్యువల్ కారును నాలుగో గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ తొక్కితే గేరు రాడ్డు అరచేతిలో వణుకుతుంది, ఇంజను టకటకమని కొట్టుకుంటుంది. అరుగుదల విషయంలో ఈ రెండు రకాల బండ్లకూ ఉన్న అసలు తేడా నాకు ఆ వణుకులోనే తెలిసింది.

ఇంజను నెమ్మదిగా తిరుగుతూ పెద్ద బరువు లాగవలసి వచ్చినప్పుడు ఇంజనులో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్టుకూ బేరింగులకూ నడుమ ఉండే ఆయిల్ పొర పలచబడి, ఆ ఒత్తిడి బేరింగులను అరగదీస్తుంది. చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లలోనైతే స్పార్క్ ప్లగ్ వెలిగించకముందే ఇంధనం దానంతటదే మండి పిస్టన్లు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. మైలేజీ వస్తుందని పై గేరులోనే ఈడ్చడం మన దగ్గర చాలామందికి అలవాటు. ఆటోమేటిక్ ఆ అవకాశం ఇవ్వదు, బరువు పెరగగానే తానే కింది గేరుకు దిగుతుంది. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు 3,000 దాటి ఇంజను హోరెత్తితే కొందరు భయపడతారు గానీ, ఆయిల్ సరిగా ఉన్న ఇంజనుకు దానివల్ల నష్టమేమీ లేదు.

మాన్యువల్‌లో మరో ప్రమాదముంది. వేగంగా పోతూ ఐదు నుంచి నాలుగుకు బదులు పొరపాటున రెండో గేరు వేస్తే, చక్రాలే ఇంజనును హద్దుమీరి తిప్పడం వల్ల వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోవచ్చు. ఆటోమేటిక్ అలాంటి గేరును వేయనివ్వదు.

అయితే ఆటోమేటిక్కులన్నీ ఒకటి కావు. ఏఎంటీ అంటే మాన్యువల్ గేర్‌బాక్సుకే క్లచ్చునూ గేర్లనూ యంత్రం మార్చే రకం, అందులో ఉన్నది మామూలు క్లచ్చే కనుక, ఎత్తులో బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని ఆపి ఉంచితే క్లచ్ ప్లేటు కాలుతుంది. టార్క్ కన్వర్టర్ రకం ఆటోమేటిక్‌లో శక్తి ద్రవం ద్వారా అందుతుంది కాబట్టి కుదుపులు మెత్తబడతాయి, కానీ మా మే నెల ఎండలో ఘాటు ఎక్కేటప్పుడు దాని ఆయిల్ బాగా వేడెక్కుతుంది, గేర్‌బాక్సు పాడైతే ఖర్చు మాన్యువల్ కంటే చాలా ఎక్కువ. దిగేటప్పుడు గేరు లివరును డీలోనే (మామూలు డ్రైవ్) వదిలేసి బ్రేకుల వాసన తెచ్చుకోకుండా, ఎల్ (కింది గేరు) లేదా ఎం (గేరు మనమే ఎంచుకునేది) లోకి మార్చి కింది గేరులో దిగాలి.

ఇంజను శబ్దం విని గేరు మార్చే ఒక్కరే నడిపే బండికి మాన్యువల్ ఏమీ తీసిపోదు. ఇంట్లో నలుగురి చేతులు మారే కారుకు, ఇంజను ఒక్కటే చూసుకుంటే, నేను ఆటోమేటిక్కే కొనమంటాను.