గ్నూక్యాష్ ఏళ్ల తరబడి వాడాక: సేవ్ దగ్గర వచ్చే తిప్పలు, వాటికి మందు

ఇంటి లెక్కలకి గ్నూక్యాష్ వాడమని నేను ఎవరికి చెప్పినా కొన్నాళ్లకి తిరిగొచ్చే ప్రశ్న ఒకటే: "సేవ్ అవ్వట్లేదు, లెక్కలన్నీ పోయినట్టేనా?" చాలావరకు పోవు. ఈ సాఫ్ట్‌వేర్ మీద నాకున్న నమ్మకమంతా అక్కడే ఉంది. రాసింది ఎక్కడో ఒకచోట ఉంటుంది, ఎక్కడుందో తెలిస్తే టెన్షన్ పడక్కర్లేదు.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. ఇది ఉచితం, 1998 నుంచీ ఉంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. జంటపద్దు పద్ధతి, అంటే చీటీకి కట్టిన ఐదు వేలు బ్యాంకు ఖాతాలో తగ్గి చీటీ ఖాతాలో కనబడాల్సిందే, మధ్యలో మాయమయ్యే దారి లేదు. మా ఇంట్లో పాల లెక్క, కిరాణా, పై పోర్షన్ అద్దె, చీటీలు, బంగారం మీద లోను, ఎల్ఐసీ ప్రీమియంలు అన్నీ ఇందులోనే రాస్తాం. వివరాల గడిలో తెలుగులో రాసుకుంటాను, ఏ ఇబ్బందీ లేదు.

ఇక సేవ్ సంగతి. మొదటిసారి ఫైల్ సేవ్ చేసేటప్పుడు ఏ రకంగా దాచాలో అడుగుతుంది. మామూలుగా వచ్చేది ఎక్స్‌ఎంఎల్ (లెక్కలన్నీ అక్షరాలుగా ఒకే ఫైల్‌లో రాసే రకం), దాని కిందే ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేస్ రకం) కూడా ఉంటుంది. ఎస్‌క్యూలైట్‌లో ఎంటర్ నొక్కగానే ఆ పద్దు డిస్కులోకి వెళ్లిపోతుంది, సేవ్ నొక్కే పనే లేదు కాబట్టి అదే మేలని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఎక్స్‌ఎంఎల్‌లో సేవ్ చేసిన ప్రతిసారీ పాత ఫైల్‌ని తేదీ, టైముతో సహా వేరే పేరు పెట్టి పక్కన ఉంచుతుంది, ఎస్‌క్యూలైట్‌లో ఆ బ్యాకప్ రాదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో, ఒకే కంప్యూటర్ మీద ఇంట్లో నలుగురూ కూర్చునే చోట నాకు ఆ పాత కాపీలే ముఖ్యం.

అయితే ఆ కాపీల వల్లే ఒక గందరగోళం కూడా వస్తుంది. కొన్నాళ్లకి ఫోల్డర్ తెరిస్తే అసలు ఫైల్ ఒకటి, దాని పేరు వెనక పొడుగాటి అంకెలున్నవి బోలెడు, డాట్ లాగ్ అని ఇంకొన్ని కనిపిస్తాయి. మా వదిన వాళ్లింట్లో పిల్లాడు ఆ అంకెల ఫైల్ ఒకటి డబుల్ క్లిక్ చేసి తెరిచాడు, తర్వాతి నుంచి ప్రోగ్రామ్ దాన్నే తెరుస్తూ వచ్చింది, ఆమె అందులోనే రాస్తూ పోయింది, చివరికి అసలు ఫైల్ తెరిచి చూస్తే నిన్నటి లెక్క లేదు. సేవ్ కాలేదని అనుకుంది కానీ అన్నీ సేవ్ అయ్యాయి, వేరే పేరుతో. విండో పైన ఫైల్ పేరు చూడండి, అందులో తేదీ లాంటి అంకెలుంటే మీరున్నది బ్యాకప్‌లో. సేవ్ యాజ్ నొక్కి మామూలు పేరు ఇచ్చేస్తే సరిపోతుంది, కాకపోతే అసలు ఫైల్‌లో కొత్తగా ఏమీ రాయలేదని ముందే చూసుకోవాలి. ఆ పేరు ముందు నక్షత్రం గుర్తు (*) ఉంటే ఇంకా సేవ్ కానిదేదో ఉన్నట్టు.

ఎక్కువమందిని భయపెట్టేది లాక్ మెసేజ్. ప్రోగ్రామ్ ఫైల్ తెరిచినప్పుడు పక్కనే ఎల్‌సీకే అనే చివరతో ఒక చిన్న ఫైల్ పెడుతుంది, మూసినప్పుడు తీసేస్తుంది. కరెంటు పోయో, కంప్యూటర్ బిగుసుకుపోయో ఆగిపోతే అది అక్కడే ఉండిపోతుంది, మళ్లీ తెరిస్తే ఇంకెవరో వాడుతున్నారేమో అని అడుగుతుంది. కంగారులో చాలామంది రీడ్ ఓన్లీ నొక్కేస్తారు, గంటసేపు రాసి సేవ్ కొడితే ఇక్కడ కాదు ఇంకెక్కడైనా పెట్టుకో అంటుంది, అప్పుడు రెండు ఫైళ్లు తయారవుతాయి. ముందు టాస్క్ మేనేజర్‌లో గ్నూక్యాష్ ఇంకా నడుస్తోందేమో చూడండి, నడవకపోతే ఓపెన్ ఎనీవే నొక్కండి, అంతే. ఒక్కటి గుర్తుంచుకోవాలి, ఇది ఒకసారికి ఒక్కరే వాడే సాఫ్ట్‌వేర్. భార్యాభర్తలు రెండు ల్యాప్‌టాప్‌ల నుంచి ఒకే ఫైల్ ఒకేసారి తెరవాలంటే కుదరదు, అలాంటప్పుడు ఆ లాక్ మెసేజ్ నిజమే చెబుతోంది.

"ఫైల్‌లో రాయలేకపోయాం, మీకు అనుమతి లేకపోవచ్చు, లేదా యాంటీవైరస్ ఆపుతుండవచ్చు" అనే అర్థంతో వచ్చే మెసేజ్ ఇంకో రకం. విండోస్‌లో దీనికి నాకు ఎక్కువసార్లు దొరికిన కారణం కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్. 2017లో విండోస్ 10కి వచ్చిన రక్షణ ఇది, ఆన్ చేసి ఉంటే తనకు తెలియని ప్రోగ్రాములు డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఏమీ రాయకుండా ఆపేస్తుంది. ఫైల్ తెరుచుకుంటుంది, పద్దులు కనిపిస్తాయి, సేవ్ మాత్రం కాదు. విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్‌కి వెళ్లి అనుమతించిన యాప్‌ల జాబితాలో గ్నూక్యాష్‌ని చేర్చండి, దాని ప్రోగ్రామ్ ఫైల్ ఇన్‌స్టాల్ అయిన చోట బిన్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. ఆ రక్షణని పూర్తిగా ఆపెయ్యమని సలహా ఇచ్చేవాళ్లున్నారు, దయచేసి వినకండి, ఇంట్లో ఫొటోలు కూడా దాని కిందే ఉంటాయి.

అంతకంటే పెద్ద తలనొప్పి ఫైల్‌ని క్లౌడ్ సింక్ ఫోల్డర్‌లో, అంటే అందులో ఉన్నవన్నీ తనంతట తానే ఇంటర్నెట్‌లోకి కాపీ అయ్యే ఫోల్డర్‌లో పెట్టడం. ఏ కంపెనీదైనా ఒకటే కథ: గ్నూక్యాష్ పాత ఫైల్ పేరు మార్చి కొత్తది పెట్టే క్షణంలోనే సింక్ ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుని అప్‌లోడ్ చేస్తుంటుంది, సేవ్ ఒక్కోసారి అవుతుంది, ఒక్కోసారి అవ్వదు. పైగా రెండో కంప్యూటర్‌లో పాత కాపీ మీద ఎవరైనా రాస్తే రెండు ఫైళ్లు పుడతాయి, వాటిని ఒక్క మీటతో కలిపే మార్గం ఇందులో లేదు, కూర్చుని చేత్తో రాసుకోవాలి. నేను అసలు ఫైల్‌ని ల్యాప్‌టాప్‌లో విడి ఫోల్డర్‌లో ఉంచి, ప్రోగ్రామ్ మూసేశాకే ఒక కాపీ క్లౌడ్‌లోకి పంపుతాను. మూయకుండా పంపను.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన విషయం, ఆ డాట్ లాగ్ ఫైళ్లు. చెత్త అనుకుని తుడిచేసేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. సేవ్‌కీ సేవ్‌కీ మధ్య మీరు ఎంటర్ నొక్కిన ప్రతి పద్దూ అందులో పడుతుంది. ఒకసారి సంక్రాంతి ఖర్చులు రాస్తుండగా కరెంటు పోయింది, బ్యాటరీ ఎప్పుడో చచ్చిన ల్యాప్‌టాప్ టక్కున ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేసి, ముందు ఫోల్డర్ మొత్తానికి ఒక కాపీ తీసి, అసలు ఫైల్ తెరిచి, ఫైల్ మెనూలో ఇంపోర్ట్ కింద ఉన్న రీప్లే లాగ్ ఫైల్ ఎంచుకుని, ఆగిపోక ముందు చివరి సేవ్ తర్వాత మొదలైన లాగ్ ఇచ్చాను. బట్టల కొట్టు బిల్లు, పిండివంటల సరుకులు, ఊరికి బస్సు టికెట్లు, అన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. అయితే ఇందులో పద్దులు మాత్రమే ఉంటాయి, అప్పుడే కొత్తగా తెరిచిన ఖాతాలు రావు. అందుకే కొత్త ఖాతా చేర్చిన వెంటనే సేవ్ నొక్కాలి.

తనంతట తాను సేవ్ చేసుకునే సదుపాయం ఉంది, మామూలుగా 5 నిమిషాలకోసారి. కానీ మొదటిసారి అడిగినప్పుడు విసుగుతో "ఎప్పుడూ వద్దు" నొక్కితే అది ఆగిపోతుంది, ఆ తర్వాత మళ్లీ గుర్తు చెయ్యదు. ఎడిట్ కింద ప్రిఫరెన్సెస్‌లో జనరల్ పేజీ తెరిచి ఒకసారి చూసుకోండి. పాత కాపీల్ని 30 రోజులకి తుడిచేసే సెట్టింగ్ కూడా అక్కడి ప్రిఫరెన్సెస్‌లోనే ఉంది, నాకది చాలదు. ఫిబ్రవరిలో పడ్డ తప్పు జూలైలో రిటర్న్ వేసేటప్పుడే బయటపడుతుంది కాబట్టి ఎప్పటికీ ఉంచేలా మార్చాను. ఫైళ్లు కుదించే ఉంటాయి, ఇంటి లెక్కలకి పెద్ద చోటేమీ తినవు.

కొత్తవాళ్లకి ఇవ్వమంటే ఇస్తాను, కానీ మొదటి వారం పక్కన కూర్చుని ఫైల్ ఎక్కడుందో చూపించి మరీ ఇస్తాను. గ్నూక్యాష్ తయారుచేసేవాళ్లు లాక్ మెసేజ్‌లో నాలుగు మాటలు ఎక్కువ రాసి, రీడ్ ఓన్లీ నొక్కితే ఇక్కడ సేవ్ కాదని అప్పుడే చెబితే సగం ఫోన్ కాల్స్ నాకు రావు.