పార్శ్వనొప్పికి స్టోయిక్ ఓర్పు: చాలాకాలం వాడి చూశాక

స్టోయిక్కులంటే పాతకాలపు గ్రీకు, రోమన్ తత్వవేత్తలు కొందరు. మన చేతిలో లేనిదాన్ని తలకెత్తుకోవద్దన్నది వాళ్ల మాట. ఆ ఓర్పుని మైగ్రేన్‌కి, అంటే పార్శ్వనొప్పికి, వాడి చూశాను. ముందే చెప్పేస్తాను, దీనివల్ల తలనొప్పి తగ్గదు. తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. తగ్గేది నొప్పి చుట్టూ మనం పోగేసుకునే భయం, కోపం, అందరికీ చెప్పుకునే సంజాయిషీలు. నా లెక్కలో అది చిన్న లాభమేమీ కాదు. అందుకే కొన్నేళ్లుగా వదలకుండా వాడుతున్నాను.

మాది అంబాజీపేట. జాకెట్లు కుడతాను, మగ్గం వర్క్ చేయిస్తాను. మైగ్రేన్ ఉన్నవాళ్లకి ఇంతకంటే పనికిరాని పని వెతికినా దొరకదు. లైటు కింద తల వంచుకుని కూర్చోవాలి. చమ్కీలు, కుందన్లు కళ్లలోకి మెరుస్తుంటాయి. పెళ్లిళ్ల సీజన్లో వేళకి తిండీ ఉండదు, నిద్రా ఉండదు. వీధిలోంచి కురిడీ కొబ్బరి వాసన వస్తుంది. మా ఊరికి అన్నం పెట్టే వాసనే అది, కానీ నొప్పి ఉన్నరోజు కడుపులో తిప్పేస్తుంది. ఎండాకాలం ఉక్క సంగతి కోనసీమ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

నాకు ముందు ఆవులింతలు మొదలవుతాయి, మెడ పట్టేస్తుంది. ఒక్కోసారి కంటి చివర మెరిసే గీత ఒకటి కనబడుతుంది. అచ్చం జిగ్‌జాగ్ కుట్టులా వంకర్లు తిరుగుతూ మెల్లగా పెద్దదవుతుంది. సూదిలో దారం ఎక్కించబోతే బెజ్జం ఉన్నచోట ఏమీ కనబడదు. కాసేపటికి చూపు సర్దుకుంటుంది, అప్పుడు ఎడమ కణత అందుకుంటుంది. ఆ మెరుపుని డాక్టర్లు ఆరా అంటారు. మామూలుగా అయిదు నిమిషాల నుంచి గంట దాకా ఉంటుంది. ఆ తర్వాత వచ్చే నొప్పి మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటల వరకు సాగొచ్చు. నెలలో 15 రోజులకి తగ్గకుండా తలనొప్పి వస్తూ, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలుండి, ఇదే వరస మూడు నెలలు దాటితే దాన్ని క్రానిక్ మైగ్రేన్ అంటారు. నాది ఆ లెక్కలోకే వస్తుందని రాజమండ్రిలో న్యూరాలజిస్టు చెప్పారు.

స్టోయిక్ సంగతి మా అబ్బాయి వల్ల తెలిసింది. నేను తలుపులు వేసుకుని చీకట్లో పడుకుంటే, ఫోను బోర్లా పెట్టి చిన్న సౌండుతో ఆడియో పెట్టి వెళ్లేవాడు. ఎపిక్టెటస్ అని ఒకాయన, రోమన్ల కాలంలో బానిసగా పుట్టాడట, కాలు కుంటి. కొన్ని మన చేతిలో ఉంటాయి, కొన్ని ఉండవు అని మొదలుపెడతాడు. మన అభిప్రాయాలు, మన ఇష్టాయిష్టాలు మన చేతిలోవి. ఒళ్లు, ఆస్తి, పేరు మన చేతిలోవి కావు. ఒంటిని ఆ రెండో వరసలో పెట్టాడు చూడండి, అక్కడ నాకు ప్రాణం లేచివచ్చింది. అప్పటిదాకా మావాళ్లంతా నొప్పిని నా ఖాతాలోనే రాసేవారు. ఆవకాయ తిన్నావు కాబట్టి, తడితల ఆరబెట్టుకోలేదు కాబట్టి, ఊరికే టెన్షన్ పడతావు కాబట్టి.

వాడకం పెద్ద కష్టమేమీ కాదు. గీత కనబడగానే ఒకటే ప్రశ్న: ఇప్పుడు నేను చేయగలిగింది ఏమిటి? బిళ్ల వేసుకోవడం, నీళ్లు తాగడం, కడుపు ఖాళీగా ఉంటే రెండు ముద్దలు తినడం, మిషన్ ఆపడం, ఆర్డర్ల వాళ్లకి ఫోన్ చేయమని మా అసిస్టెంటు పిల్లకి చెప్పడం. అక్కడితో నా పని అయిపోయింది. మిగతాదంతా నొప్పి పని. పడుకున్నాక బుర్రలో తిరిగేవాటిని రెండుగా విడదీస్తాను. ‘కణత పోటెత్తుతోంది’, ఇది ఉన్నమాట. ‘ఇక నా దగ్గరికి ఎవరూ రారు, షాపు మూసుకోవడమే’, ఇది నేను అంటించింది. అంటించింది ఊడదీస్తే నొప్పి అంతే ఉంటుంది గానీ గుండెదడ తగ్గుతుంది.

ఒక మాఘమాసం రాత్రి, పెళ్లికూతురి అమ్మగారి జాకెట్టు చేతులకి పూసలు మాత్రమే మిగిలాయి. గీత మొదలైంది. ఆవిడ గుమ్మంలో నిలబడి, “రేపు తెల్లవారుజామున ముహూర్తమండీ, మీరేమో పడుకుంటానంటారు!” అంది. పాతరోజుల్లో అయితే ఏడ్చుకుంటూ, కక్కుకుంటూ కుట్టి ఇచ్చేదాన్ని. “పూసలు లేకుండా అయితే ఇప్పుడే పట్టుకెళ్లండి. పూసలు కావాలంటే ఇంకొకరి చేత కుట్టించి పంపిస్తాను, రాత్రి పదవుతుంది” అన్నాను. పూసలు లేకుండానే తీసుకుని, మొహం మాడ్చుకుని వెళ్లింది. ఆ మొహం నా చేతిలో లేదు. డబ్బులు కూడా కాస్త తగ్గించే ఇచ్చింది, అది వేరే సంగతి.

ఇక లోపాలు. మా అత్తగారు ఈ స్టోయిక్ మాటలు విని తెగ సంబరపడ్డారు. “అదేనమ్మా, నేను మొదట్నుంచీ చెబుతున్నది, ఓర్చుకోమని!” అన్నారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మైగ్రేన్ మగవాళ్లకంటే ఆడవాళ్లలో సుమారు మూడు రెట్లు ఎక్కువ. మన ఇళ్లలో ఆడవాళ్లకి ఓర్చుకోవడం కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. సుమట్రిప్టాన్ లాంటి మందు నొప్పి మొదట్లో వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. పళ్లు బిగబట్టి సాయంత్రం దాకా చూసి వేసుకుంటే సగం వృథా. స్టోయిక్కులు మందు వద్దన్నవాళ్లు కాదు. ఆరోగ్యాన్ని కోరుకోదగ్గదిగానే లెక్కేశారు. 161 నుంచి 180 దాకా రోముని ఏలిన మార్కస్ అరీలియస్ ఈ దారివాడే. గాలెన్ అంతటి వైద్యుణ్ణి దగ్గర పెట్టుకుని మందులు వాడాడు. చక్రవర్తికి లేని పట్టింపు జాకెట్లు కుట్టుకునే నాకెందుకు?

ఓర్పు నిజంగా కావాల్సింది రెండుచోట్ల. ఒకటి, బిళ్లల డబ్బా మీద చెయ్యి పోకుండా. ట్రిప్టాన్లు (సుమట్రిప్టాన్ కోవ మందులు) నెలలో 10 రోజులు, మామూలు నొప్పి బిళ్లలు 15 రోజులు, అలా నెలల తరబడి వాడితే ఆ మందే తలనొప్పి తెచ్చిపెడుతుంది. మెడికల్ షాపులో అడగ్గానే ఇస్తారు కాబట్టి మన వైపు ఇది చాలామందికి తెలియకుండానే జరిగిపోతుంది. రెండోది, నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందు. ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్, ఫ్లునారిజిన్, టోపిరమేట్, ఎవరికి ఏది సరిపడుతుందో డాక్టరే చెప్పాలి. ఉబ్బసం ఉన్నవాళ్లకి ప్రొప్రనలాల్ పడదు. ఏదైనా గుణం కనబడాలంటే రెండు మూడు నెలలు పడుతుంది. నాకు రాసింది అమిట్రిప్టిలిన్. మొదట్లో నోరు ఎండిపోయేది, పొద్దున్నే మత్తు. “ఈ మందు మనకి పడలేదు, మానెయ్” అని ఇంట్లో అందరూ అన్నారు. మానకుండా నిలబడటానికి ఎపిక్టెటస్ బాగా పనికొచ్చాడు. ఇప్పుడు నొప్పి వచ్చే రోజులు తగ్గాయి. ఆ ఘనత మందుది, తత్వానిది కాదు.

శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేయడం ఇప్పటికీ మానలేదు. హాయిగా ఉంటుంది, అంతే.

పడుకునే ముందు రోజంతా నెమరువేసుకోవడం అనే సాధన ఒకటుంది, సెనెకా అనే రోమన్ స్టోయిక్కు రోజూ చేసేవాడట. నాకు అది నన్ను నేను తిట్టుకునే కార్యక్రమంగా మారింది, వదిలేశాను. దాని బదులు గోడ క్యాలెండరులో నొప్పి వచ్చిన రోజుకి సున్నా చుడతాను, బిళ్ల వేసుకుంటే పక్కన గీత పెడతాను. డాక్టరుగారు నా మాటలకంటే ముందు ఆ కాగితమే చూస్తారు.

నొప్పికి భయపడి ఇంట్లో కూర్చోవడం కూడా ఈ దారిలో లేదు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, అంటే పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద ఒక్కచోటికి వచ్చే మా కోనసీమ జాతరకి, వెళ్తాను. డప్పులకీ బాణసంచాకీ దూరంగా, నల్లకళ్లద్దాలు పెట్టుకుని నిలబడి, ఏకాదశ రుద్రులకి దణ్ణం పెట్టుకుని తొందరగా వచ్చేస్తాను. చూసినవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ.

ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగిసిన నొప్పి, చెయ్యీకాలూ లాగేయడం, మాట తడబడటం, యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి, వీటికి ఏ తత్వమూ వద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మామూలు మైగ్రేన్‌కి, డాక్టరు దగ్గర చూపించుకుంటూ పక్కన వాడుకోవడానికైతే అయిదుకి నాలుగిస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ ‘ఓర్చుకో’ అనేవాళ్ల చేతికి కర్ర ఇచ్చినందుకు.

రాబోయే చెడుని ముందే ఊహించుకోమని ఇంకో సాధన చెబుతారు. నొప్పిని ఊహించుకుంటే నాకు నిద్ర పట్టదు, కాబట్టి దాన్ని షాపు వరకే ఉంచాను. ఇప్పుడు ముహూర్తానికి నాలుగు రోజుల ముందు తేదీ వేసే రసీదు రాస్తున్నాను. కొలతలూ అంతకు తగ్గట్టు ముందే ఇవ్వాలి. అంత ముందు కుదరదనే వాళ్లకి పక్క వీధిలో ఇంకో టైలరు ఉన్నాడు, బాగానే కుడతాడు.