అదార్కర్ బీమా, భోర్ దవాఖానా: ఏది మేలు?

1943 మార్చిలో ఢిల్లీలోని బ్రిటిష్ ఇండియా సర్కారు ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ బి.పి. అదార్కర్‌ని పిలిచి, ఫ్యాక్టరీ కార్మికులకు ఆరోగ్య బీమా పథకం తయారుచెయ్యమంది. అదే ఏడాది అక్టోబరులో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. యుద్ధం ముగిశాక దేశమంతటికీ వైద్యం ఎలా అందించాలో ఆ కమిటీ తేల్చాలి. బెంగాల్లో లక్షల మంది తిండి లేక చనిపోయిన ఏడాది కూడా అదే. రేపటి ఆసుపత్రులకు ప్లాన్లు గీయించిన సర్కారు ఆ రోజు గంజి పోయలేకపోయింది. ఈ నివేదికల గురించి ఎప్పుడు చదివినా నాకిది పంటి కింద రాయిలా తగులుతుంది.

అప్పటి గాలి అలాంటిది. 1942 డిసెంబరులో లండన్లో, బ్రిటన్ జనానికి సామాజిక బీమా ఎలా ఉండాలో చెప్పే విలియం బెవరిడ్జ్ నివేదిక బయటికొస్తే జనం క్యూ కట్టి కొనుక్కున్నారు. (ఆయన పుట్టింది బెంగాల్లోని రంగపూర్‌లోనే, తండ్రి ఐసీఎస్ జడ్జి.) ఆయన ఒక పని తెలివిగా చేశాడు. జబ్బు పడితే, ఉద్యోగం పోతే, ముసలితనం వస్తే ఇచ్చే డబ్బుకు వారం వారం చందా కట్టే బీమా పెట్టమన్నాడు. వైద్యాన్ని అందులో కట్టెయ్యలేదు. అది చందాతో పని లేకుండా అందరికీ అందే సేవగా విడిగా ఉండాలన్నాడు. 1948 జులై 5న మొదలైన బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ, ఎన్‌హెచ్ఎస్, ఎక్కువగా పన్నుల డబ్బుతోనే నడిచింది. పోయిన జీతానికి ఒక దారి, మందుకు ఇంకో దారి అన్నమాట.

మన దగ్గర ఈ రెండు దారులూ అదార్కర్, భోర్‌ల చేతుల్లో పడ్డాయి.

అదార్కర్ 1944 ఆగస్టు 15న నివేదిక ఇచ్చాడు. బట్టల మిల్లులు, ఇంజనీరింగ్, ఖనిజాలు-లోహాలు, ఈ మూడు పరిశ్రమలతో మొదలుపెడదామన్నాడు. కార్మికుడూ యజమానీ చందా కడతారు, జబ్బు చేస్తే మందూ డబ్బూ రెండూ వస్తాయి. దీని నుంచే 1948లో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీల్లో 1.20 లక్షల మందితో పథకం మొదలైంది. ఇప్పుడు నెలకు 21,000 రూపాయల జీతం దాకా వర్తిస్తుంది. కార్మికుడి జీతంలోంచి 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం కడతాడు. జబ్బుతో సెలవు పెడితే ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం జీతం వస్తుంది.

భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక నాలుగు సంపుటాలు. అప్పటికి సగటు ఆయుష్షు 27 ఏళ్ల దగ్గర ఉంది. 6,300 మందికి ఒక డాక్టరు, 43,000 మందికి ఒక నర్సు. ఇలాంటి దేశంలో ఎవడు కట్టగలడు, ఎవడు కట్టలేడు అని లెక్కలు తీయడం దండగ అనుకున్నారు. వైద్యం అందరికీ ఉచితం, కట్టగలిగినవాళ్లు పన్నుల రూపంలో కడతారు. దీర్ఘకాలానికి వాళ్లు గీసిన బొమ్మలో 10,000 నుంచి 20,000 మందికి ఒక 75 పడకల ఆసుపత్రి ఉంది!

ఇప్పుడు ఇద్దరు మనుషుల్ని తీసుకోండి. ఒకాయన స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు, ఒకామె నాట్లకు వెళ్తుంది. ఇద్దరికీ టైఫాయిడ్. అదార్కర్ పథకంలో మిల్లు కార్మికుడికి మందులూ వస్తాయి, ఇంట్లో పొయ్యీ వెలుగుతుంది. నాట్లు వేసే ఆమెకు మాత్రం ఏమీ రాదు. నెల జీతం లేనిచోట చందా దేంట్లోంచి కోస్తారు? భోర్ పథకం ఆమెకు మందు ఇస్తుంది. కానీ మూడు వారాలు మంచాన పడితే పోయిన కూలీ మాటేమిటి? దానికి అక్కడ జవాబు లేదు.

నన్నడిగితే మందుకు భోర్ మేలు, కూలీకి అదార్కర్ మేలు. బెవరిడ్జ్ చేసిన విభజనే సరైనది. ఒక్కటే ఎంచుకోవాలంటే మాత్రం భోర్ వైపే మొగ్గుతాను. దేశంలో నాట్లు వేసేవాళ్లే ఎక్కువ, మిల్లు గేటు దాటేవాళ్లు తక్కువ.

కానీ బతికి బట్టకట్టింది అదార్కర్ పథకమే. దాని డబ్బు సంచి దాని దగ్గరే ఉంది. జీతాల రోజున చందా తెగుతుంది, ఏ ఆర్థికమంత్రినీ అడుక్కోనక్కర్లేదు. భోర్ పథకం ఏటా బడ్జెట్ ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. 75 పడకలన్న చోట ఇవాళ మైదాన ప్రాంతాల్లో నిబంధన ప్రకారం 30,000 మందికి ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం), అందులో ఆరు పడకలు.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఈ రెండిటికీ మధ్య పుట్టిన బిడ్డ. డబ్బు భోర్ చెప్పినట్టు ఖజానాది, పద్ధతి బీమాది. గుండె ఆపరేషన్‌కి పెద్ద ఆసుపత్రి తలుపు తెరుచుకుంది. జ్వరం వచ్చినప్పుడు వెళ్లాల్సిన పీహెచ్‌సీకి దానివల్ల ఒక్క మంచం కూడా పెరగలేదు. కాకపోతే 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దానికి ‘ఆరోగ్య ఆసరా’ జోడించింది. ఆపరేషన్ అయ్యాక విశ్రాంతి తీసుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చింది. చందా కట్టని మనిషికి, పోయిన కూలీ కింద, ఖజానా నుంచి.